షడ్జమం లేని తొమ్మిది కాగితాలు

శంఖమూదిన పెదవితో జగమునేలి
వేణువూదిన గాలితో వెతలు దీర్చు
నందనందన! మా బొగ్గునాట మెలగు
జనుల గుండెల నిండుమా స్వరమువోలె!

ఊపిరిని నాదంగా మార్చి లోకాన్ని లాలించిన ఆ గోపాలునికి నమస్కరించి, గోదావరిఖని గనికార్మికుల బ్యాండు కథను విడిచిన చోటనే మళ్ళీ అందుకొందాము.

పందొమ్మిది వందల డెబ్భై రెండవ సంవత్సరం, నవంబరు మాసం. ఇరవై నలుగురు కార్మికులు కూడిన ఆ ఇత్తడి వాద్యాల బృందాన్ని బెల్లంపల్లి రోజుల నుండి పెంచి పెద్దచేసినవాడు యోబు మేస్త్రి. గడచిన వేసవిలో పక్షవాతం సోకి, మాటనూ కుడిచేతినీ పోగొట్టుకొని, అతడు మంచాన పడ్డాడు. అతని తల్లి పూర్వం బొగ్గులో నుంచి రాళ్ళు ఏరుతూ కూనిరాగం తీసేది. ఆ రాగాన్ని పట్టుకొని, పదకొండేళ్ళపాటు ఎవరికీ చూపకుండా, ఇరవై నాలుగు వాద్యాలకూ విడివిడిగా యోబు కూర్చి వ్రాసుకొన్న పాట ఒకటి అతని ట్రంకుపెట్టెలో దొరికింది. రానున్న ఆదివారం చర్చిలో కోత పండుగ. ఆనాడు యోబు ఇంటి కిటికీ తెరచి, ఆ పాటను అతనికి ఒక్కసారి పూర్తిగా వినిపించాలని అతని చిరకాల మిత్రుడు యిర్మియా పట్టుదల.

యిర్మియా గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనివాడు. బ్యాండులో అతనిది యుఫోనియం. పసిబిడ్డవలె ఒడిలో ఇమిడే ఆ పెద్ద వాద్యం, నడివయసు మగవాని గొంతువంటి మెత్తని స్వరం పలుకుతుంది. కాలనీ జనం దానిని ముద్దుగా బొజ్జబాకా అంటారు. "నేను కడుతున్న పాటల బొజ్జబాకా ఒక్కటే పాడే జాగ ఉంటదిరా, అది నీదే" అని యోబు పదకొండేళ్ళ క్రిందట యిర్మియాకు మాట ఇచ్చాడు. ఈ నెలాఖరుకు యిర్మియా ఉద్యోగ విరమణ. అంతటితో వాద్యం బ్యాండు గదికి అప్పగించి వెళ్ళాలి. అందువలన ఈ ఆదివారం తప్పితే అతనికి మరొక ఆదివారం లేదు.

కాగితాలు చదివి, అందరికీ శుభ్రంగా వ్రాసి ఇచ్చే భారం సదాశివ పంతులు మీద పడింది. ఆయన మంథనివారు, ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు, తండ్రివద్ద శాస్త్రీయంగా సంగీతం అభ్యసించినవారు. పెట్టెలోని ఇరవై నాలుగు కాగితాలలో పదిహేను షడ్జమంతో, అంటే 'స'తో మొదలై చక్కగా సాగాయి. మిగిలిన తొమ్మిదింటిలో వెదకినా 'స' అనే అక్షరం లేదు. "షడ్జమం లేని పాట ఉండదు. ఇవి చేయి తిప్పుకొనడానికి వ్రాసిన గీతలు" అని తీర్పు చెప్పి, వాటిని చివరిదాకా చదవకనే యోబు భార్య సుసన్నాకు తిరిగి ఇచ్చి, ఆ తొమ్మిది వాద్యాలకూ పంతులు తానే క్రొత్తగా వ్రాశారు. ఒక్క చిక్కు మాత్రం విడలేదు. యుఫోనియం కాగితం నడుమ పదహారు ఆవర్తాల మేర, అంటే తాళం పదహారుసార్లు తిరిగేంత భాగాన్ని, ఎవరో బ్లేడుతో గీకివేశారు. ఎవరు గీకారో, ఎందుకు గీకారో చెప్పగలిగినవానికి మాట లేదు.

గురువారం నాడు మొదటి షిఫ్టు దిగి, ఒళ్ళు కడుక్కొని, నాలుగు గంటలకల్లా ఇరవై నలుగురూ క్లబ్బు వెనుక రేకుల షెడ్డులో చేరారు. సబ్బుకు లొంగని నలుపు చెవుల వెనుక ఇంకా మిగిలే ఉంది. పది కార్నెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఒక యుఫోనియం ఎడమవైపు. నడిమి స్థాయి పలికే హారన్లు ఆరు, మంద్రం పలికే బాసులు మూడు కుడివైపు. ఇన్నాళ్ళూ వారు వాయించిన పెండ్లిపాటలూ చర్చి కీర్తనలూ యోబు నోటితో పాడి వినిపించగా ఎవరి చెవితో వారు పట్టుకొన్నవే. కాగితం చూసి అందరూ కలిసి ఊదడం ఇదే మొదలు.

పంతులు కండువా సర్దుకొని, కళ్ళు మూసి ఇష్టదైవాన్ని తలచుకొని, చేతితో తాళం వేశారు.

మొదటి ఆవర్తం దాటకముందే షెడ్డు పైకప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి. రెండవ ఆవర్తంలో మొదటి కార్నెట్ వాయించే ఫిట్టరు లింగమూర్తి వాద్యం దించేశాడు.

"ఆపుండ్రి, ఆపుండ్రి! పంతులూ, గిది పాటనా? రెండు పెండ్లి బారాత్‌లు ఒక్క సందుల ఎదురుపడ్డట్టున్నది."

కుడివైపు బాసు మోసే సదయ్య ఊరుకుంటాడా? "మా దిక్కు బారాత్ మంచిగనే నడుస్తున్నది. మీ దిక్కే పెండ్లిపిలగాడు తాగిండు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

"మళ్ళీ మొదటినుండి" అన్నారు పంతులు.

మళ్ళీ అదే గోల. ఎడమవైపు పదిహేనుగురు కలిసే ఊదుతున్నారు. కుడివైపు తొమ్మండుగురు కలిసే ఊదుతున్నారు. ఈ రెండు వైపులకూ మాత్రం పొత్తు లేదు. మూడవసారికి ఎవరూ నవ్వలేదు. గీకివేసిన పదహారు ఆవర్తాల దగ్గరకు వచ్చేసరికి వ్రాసిన ప్రకారం అందరూ నోరు మూసుకొన్నారు. ఆ నిశ్శబ్దమే వినడానికి బాగుంది.

యిర్మియా యుఫోనియాన్ని ఒడిలోనుండి దించి, నేలమీద పరచిన గోనెపై జాగ్రత్తగా పెట్టి, లేచి నిలబడ్డాడు.

"పంతులూ, మీరు చదువుకున్నోళ్ళు. ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. యోబన్న పాటను మీరు మార్చిండ్రా?"

"నేను మార్చలేదు యిర్మియన్నా. ఉన్నదున్నట్టు దించిన."

"పదిహేను ఉన్నదున్నట్టు దించిండ్రు. కడమ తొమ్మిది?"

"అవి పాట కాదని అప్పుడే చెప్పిన గదా. షడ్జమం లేనిది..."

"నాకు షడ్జమం ఎరుకలేదు పంతులూ. నాకు యోబన్న ఎరుక." యిర్మియా గొంతు పెరగలేదు. అందుచేతనే అందరూ తలలెత్తి చూశారు. "ముప్పై ఏండ్లు ఆయనతోని గనిల దిగిన. దుంగ జర వంకర నిలబడితె మళ్ళ తీయించి నిలబెట్టించెటోడు. గసొంటి మనిషి పదకొండేండ్లు కూసోని తొమ్మిది కాగితాల మీద ఉత్త గీతలు గీసిండంటె నా పానం ఒప్పుతలేదు."

అంతమాత్రం మాట్లాడేసరికి దగ్గు అందుకొంది. అతడు గోడవైపు తిరిగి, అది తగ్గేదాకా నిలుచుని, మళ్ళీ కూర్చొన్నాడు.

సదాశివ పంతులు ముఖం ఎర్రబడింది. ఒక దుంగల పనివాడు తన విద్యను ఇరవై నలుగురి ముందు ప్రశ్నించాడు. మంథనిలో తండ్రి ఎదుట తప్ప ఆయన ఎన్నడూ ఎవరికీ జవాబు చెప్పుకొని ఎరుగరు. కాగితాలు మడిచి లేచి వెళ్ళిపోవడం ఆ క్షణాన ఎంతో సులభం. ఆయన కాగితాలు మడిచారు కూడా. అయితే అప్పుడే యిర్మియా వంగి, యుఫోనియం మూతిని పంచె కొసతో తుడిచి, మళ్ళీ ఒడిలోకి తీసుకొన్నాడు. కోపపడిన మనిషి వెళ్ళిపోవడానికి సిద్ధం కాలేదు, వాయించడానికే సిద్ధమైనాడు. అది చూసిన పంతులు మడిచిన కాగితాలు మళ్ళీ విప్పారు.

"మార్కూ, ఇటు రా" అని పిలిచారు. మార్కు యోబు కొడుకు, ఇరవై ఆరేళ్ళవాడు, మొదటి హారన్ వాయిస్తాడు. "కాగితంల స అని ఉంటే నువ్వు ఏం చేస్తవు?"

"ఏ మీట ఒత్తను పంతులూ. ఉత్తగ ఊదుత. బాపు గట్లనే నేర్పిండు."

"లింగమూర్తీ, నువ్వు?"

"నేను గంతే. ఏ మీట ఒత్తకుంటె స. అందరికి గదే లెక్క."

"అయితే ఒక్కొక్కరే ఊదుండ్రి. ముందు నువ్వు."

లింగమూర్తి కార్నెట్ ఊదాడు. పంతులు ఆ స్వరాన్ని పెదవుల నడుమ పట్టుకొన్నారు. "ఇప్పుడు మార్కు." హారన్ పలికింది. పంతులు కనుబొమలు ముడిపడ్డాయి. కార్నెట్ స్వరం నుండి మెల్లగా మెట్లెక్కసాగారు: స, రి, గ, మ. నాలుగవ మెట్టు మీద ఆయన గొంతు హారన్ స్వరాన్ని తాకి, రెండూ ఒకటైనాయి.

ఆయన ఆగిపోయారు.

చిన్ననాట మంథని ఇంటి వసారాలో తండ్రి భజనకు కూర్చొనే దృశ్యం కళ్ళకు కట్టింది. కొన్ని పాటలు వచ్చినప్పుడు తండ్రి తంబురా తీగ ఒకటి కొంచెం దించేవాడు. "ఇప్పుడు మధ్యమ శ్రుతి నాయనా. మధ్యమాన్నే షడ్జమం చేసుకొని పాడుకోవాలె" అనేవాడు. స్వరానికి ఊరు మారలేదు, ఇల్లు మాత్రం మారింది. ఈ ఇత్తడి హారన్లు పుట్టుకతోనే మధ్యమ శ్రుతిలో ఉన్నాయి. వాటి 'స' వేరు, కార్నెట్ 'స' వేరు. ఇరవై నలుగురికీ ఒకే 'స' వ్రాసి ఇచ్చి, తాను రెండు బారాత్‌లను ఒకే సందులోకి తోలారు.

"మార్కూ, ఇప్పుడు స వద్దు. ప ఊదు. యిర్మియన్నా, నువ్వు నీ స పట్టుకో. వదలకు."

యుఫోనియం నిండుగా, నిదానంగా పలికింది. దాని మీదికి హారన్ పంచమం వచ్చి చేరింది. రెండు స్వరాలలో ఏది ఎవరిదో ఎవరికీ తెలియలేదు. సదయ్య బాసు ఎత్తుకొని, అడగకుండానే తన పంచమం కలిపాడు. బల్లమీది టీ గ్లాసులు సన్నగా వణికాయి.

"అబ్బ!" అన్నాడు లింగమూర్తి. "బారాత్‌లు కలిసినయ్. ఇగ భోజనాలే!"

పంతులు నవ్వలేదు. పలక తెప్పించి చకచకా వ్రాస్తున్నారు. యోబు తల్లి కూనిరాగంలో ఉన్నవి అయిదే స్వరాలు: స రి గ ప ద. కార్నెట్ 'స' అన్నచోట హారన్ 'ప' అనాలి. 'రి'కి 'ద', 'గ'కు 'ని', 'ప'కు 'రి', 'ద'కు 'గ'. వ్రాసి ముగించి, హారన్ వరుస చూసుకొన్నారు: ప ద ని రి గ.

అందులో షడ్జమం లేదు.

ఆయన చేతిలోని బలపం పలక మీదనే నిలిచిపోయింది. ఆరు హారన్లు, మూడు బాసులు, తొమ్మిది. షడ్జమం లేని కాగితాలు తొమ్మిది.

"యిర్మియన్నా" అన్నారు పంతులు. "నీ పానం ఒప్పకపోవుడే నిజమైంది. అవి పిచ్చిగీతలు కావు. అది గదే పాట. హారన్లకు, బాసులకు యోబన్న లెక్కగట్టి రాసిండు. నేను... నాకు తెలిసిన సంగీతంల లేదని, లేనే లేదన్న."

ఒకరిద్దరు తలలు వంచుకొన్నారు, పెద్దమనిషి సిగ్గుపడుతుంటే చూడలేక.

యిర్మియా నిమ్మళంగా అన్నాడు: "లెక్క దొరికింది గద. మళ్ళ రాసుకుంటె కాదా?"

"నేను రాస్తే నాది అయితది అన్నా. హారన్లు కార్నెట్ల ఎంట ఎక్కడ నడవాలె, ఎక్కడ ఆగాలె, ఎక్కడ ఎదురుపోవాలె... అది యోబన్న పదకొండేండ్లు ఆలోచించిండు. నేను మూడు దినాలల్ల ఎట్ల ఆలోచిస్త? ఆ కాగితాలే కావాలె."

"మరి యాడున్నయ్?"

"సుసన్నక్కకు ఇచ్చిన. పనికిరావని చెప్పి ఇచ్చిన."

యోబు క్వార్టరు అక్కడికి రెండు వీధుల దూరం. పంతులు ముందు నడిచారు. మార్కు, యుఫోనియం ఎత్తుకొన్న యిర్మియా వెనుక వచ్చారు. యిర్మియా ఊపిరి కోసం రెండుచోట్ల ఆగాడు, ఎవరితోనో మాట్లాడే నెపంతో.

"కాకా, బాజా నాకియ్యి, పట్టుకొస్త" అన్నాడు మార్కు.

"నెలాఖరుదాక నాదే బిడ్డా. తర్వాత ఎవరు పట్టుకుంటరో పట్టుకోండ్రి."

సుసన్నా మంచం పక్కన పీటమీద కూర్చొని భర్తకు చెంచాతో జావ త్రాగిస్తున్నది. పంతులు గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. ఆమె లేచి కుర్చీ జరిపింది. ఆయన కుర్చీలో కూర్చొనలేదు. మంచం పక్కన, యోబు ముఖం తనకు ఎదురుగా ఉండేటట్టు, నేలమీద కూర్చొన్నారు.

"అయ్యగారూ, కింద కూసున్నరేంది? చాప ఏస్త ఉండుండ్రి."

"వద్దక్కా. నేను తప్పు చేసిన. ముందుగాల అది చెప్పనియ్యి." జరిగినదంతా చెప్పారు. కలపలేదు, దాచలేదు. "ఆ తొమ్మిది కాగితాలు ఏం చేసినవు అక్కా? పొయ్యిల పెట్టినా నిన్ను అనను. పెట్టుమన్నది నేనే."

సుసన్నా చెంచా గిన్నెలో పెట్టింది.

"పొయ్యిల ఎట్ల పెడుత అయ్యగారూ? ఆయన చెయ్యి రాసింది. ఇగ ఆ చెయ్యి రాయదాయె." ఆమె కొంగుతో భర్త గడ్డం తుడిచింది. "మీరు పనికిరావంటిరి. సర్వే ఆఫీసుల పారేసిన మందం కాగితాలు, మంచిగ గట్టిగున్నయ్. సండేబడి పిల్లల కీర్తన పుస్తకాలకు అట్టలేసిన. గని మ్యాపు గీతలు పైకి పెట్టి, ఆయన రాత లోపలికి పెట్టిన. పిల్లల చేతులల్ల ఉంటదని."

"తొమ్మిదీ ఉన్నయా?"

"ఉన్నయ్. చర్చి అలమారల."

పంతులు గట్టిగా ఊపిరి విడిచారు. పిమ్మట యోబు వైపు తిరిగి, చాలా సన్నని గొంతుతో పాడారు: "ప... ద... ని... రి... గ."

యోబు కళ్ళు కదిలాయి. మంచం అంచున కూర్చొన్న కొడుకు మణికట్టును ఎడమచేతితో పట్టుకొన్నాడు. ఆ చేతి మూడు వేళ్ళూ మార్కు ఎముకమీద లేచి పడసాగాయి, ఒకటి, రెండు కలిసి, మళ్ళీ ఒకటి. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తరువాత మార్కు గుర్తుపట్టి, "బాపు మీటలు ఒత్తుతున్నడు" అన్నాడు. "హారన్ మీటలు. మీరు పాడినయే."

పంతులు వంగి, యోబు పాదాలవైపు చేతులు జోడించారు. మంథనివారు చూస్తే ఏమందురో అనే ఆలోచన ఆయనకు ఆ సాయంకాలం రాలేదు.

యిర్మియా ముఖం వెలిగిపోతున్నది. "నడువుండ్రి మరి, అట్టలు ఇప్పుదాం! తాళంచెవి తీస్కో చెల్లె, జల్ది."

సుసన్నా వెంటనే లేవలేదు. "నువ్వెందుకన్నా అంతదూరం? నువ్వు ఆయన దగ్గర కూసో. నేను, అయ్యగారు పోయి తెస్తం."

"ఇన్నొద్దులు ఎదురుచూసి ఇప్పుడు కూసుంటనా?"

"దవాఖాన మెట్లు ఎక్కమంటె కాళ్ళు నొస్తయంటవు. చర్చి మెట్లు ఎక్కుతవా?"

"చర్చి మెట్ల కాడ డాక్టర్ ఉండడు గద!" అని యిర్మియా నవ్వాడు. ఆమె నవ్వలేదు. గూటిలోని తాళంచెవుల గుత్తి తీసుకొని, పొరుగింటి ఎలిజబెత్‌ను పిలిచి భర్త దగ్గర కూర్చొనబెట్టి, వారి వెంట నడిచింది.

చర్చి పక్క గదిలో పడమటి కిటికీగుండా ఎండ ఏటవాలుగా పడుతున్నది. సుసన్నా అలమార తెరచి పుస్తకాలు ఒక్కొక్కటే అందించింది. అట్టలమీద నేలక్రింది సొరంగాల గీతలు. ఏ దారి ఎటు పోతుందో చూపే పాత పటాలు. మార్కు మడతలు విప్పాడు. పంతులు కాగితాలను బల్లమీద ఎండలో పరచి, ఒక్కొక్కదానికి తలపై వాద్యం పేరు చూసి చెప్పసాగారు. "మూడో బాసు. నాలుగో హారన్. రెండో హారన్..." ప్రతిదీ పంచమంతోనే మొదలైంది. ఒకచోట హారన్లు కార్నెట్లను వదిలి, అడుగున వేరే దారి పట్టి, మూడు ఆవర్తాల తరువాత వచ్చి కలుసుకొన్నాయి. పంతులు దానిని పాడి చూసి, "నేను రాయలేకపోదును" అని తనలో అనుకొన్నారు.

ఎనిమిది విప్పారు. తొమ్మిదవ పుస్తకం యిర్మియా చేతికే వచ్చింది. మైదాపిండితో అంటించిన మడతను గోటితో మెల్లగా ఊడదీసి, కాగితం చాచాడు.

"మొదటి హారన్. మార్కూ, నీదే బిడ్డా." చదువుతూ చదువుతూ అతని వేలు కాగితం నడుమ ఆగింది. "పంతులూ! గిక్కడ చూడుండ్రి. కడమ హారన్లన్ని ఆగినయ్. గీ ఒక్కటే పోతున్నది. ఒకటి, రెండు, మూడు..." వేలితో లెక్కపెట్టాడు. "పదహారు. పదహారు ఆవర్తాలు!"

పంతులు త్వరగా వచ్చి చూశారు. యుఫోనియం కాగితంలో గీకివేసినవీ పదహారే, అదే చోట. మనసులో స్వరాలు మార్చుకొని, యుఫోనియం పలికే విధంగా ఆయన మెల్లగా పాడారు. ఆ పాట ఒక స్త్రీ వంగి పనిచేస్తూ, నడుము నొచ్చినప్పుడల్లా ఆగి, మళ్ళీ అందుకొన్నట్టు సాగింది. కడపటి నాలుగు ఆవర్తాలలో మధ్య విరామమే లేదు. స్వరం ఎక్కడా ఊపిరి తీయకుండా పైకి పోయి అక్కడే నిలిచింది.

"గిదే" అన్నాడు యిర్మియా. కళ్ళు తుడుచుకొన్నాడు. "గిదే నాకు మాటిచ్చింది. బొజ్జబాకా ఒక్కటే పాడే జాగ. దొరికింది పంతులూ! ఆదివారం నేను ఊదుత, యోబన్న కిటికీల నుంచి ఇంటడు."

"కాకా, అడుగున ఇంకేదో రాసున్నది" అన్నాడు మార్కు.

నిజమే. పంతులు తొలిసారి చూసిననాడే మడిచి అంటించి ఉన్న అడుగు అంచు ఇంకా అతుక్కొనే ఉంది, దాని గుండా సిరా మసకగా కనబడుతున్నది. యిర్మియా దానిని కూడా ఊడదీసి, ఎండవైపు త్రిప్పి, మిషన్ బడిలో నేర్చిన పద్ధతిలో ఒక్కొక్క మాటే గట్టిగా చదివాడు.

"ఈ పదహారు ఆవర్తాలను యుఫోనియం కాగితంలో నుండి నేనే గీకివేసి, ఇక్కడ హారన్‌కు మార్చి వ్రాసితిని. దీనిని మార్కు ఊదవలెను. యిర్మియా..."

అతడు ఆగాడు. మళ్ళీ చూశాడు. అక్షరాలు మారలేదు.

"యిర్మియా ఊదరాదు. ఎందుకో సుసన్నాకు తెలుసు."

కాగితం అతని చేతిలో కదలక నిలిచింది. యిర్మియా ముందు మార్కు వైపు చూశాడు, స్నేహితుని కన్నకొడుకు వైపు. పిమ్మట అలమార దగ్గర తాళంచెవుల గుత్తిని రెండు చేతులతో గుండెకు పట్టుకొని నిలిచిన సుసన్నా వైపు తిరిగాడు.

"చెల్లె" అన్నాడు. రొమ్ములో దగ్గు తన్నుకొస్తున్నా ఆపుకొని అన్నాడు, ఆమె చూపు ఆ రొమ్ముమీదనే ఉంది. "నీకు ఏం తెలుసు?"

ఈ కథను చదివినవారికీ, చదివించుకొని విన్నవారికీ, నేలక్రింద దిగి మళ్ళీ వెలుగులోకి వచ్చే ప్రతి మనిషికీ ఆ వేణుగోపాలుడు గుండెనిండా గాలినీ, ఇంటినిండా పాటనూ ప్రసాదించుగాక! ఇచ్చిన మాటలు నిలుచుగాక! నిలువని చోట వాటి వెనుకనున్న ప్రేమ తెలియుగాక! శుభం.